బ్రూక్స్ కొండలు దాటి: ఉత్తర అలాస్కాలో డాల్టన్ హైవే ప్రయాణం

అలాస్కా ఉత్తర భాగంలో, పడమట చుక్చీ సముద్రం వైపు నుంచి తూర్పున కెనడాలోని యూకాన్ దాకా సుమారు 1,100 కిలోమీటర్ల పొడవున అడ్డంగా పరుచుకున్న కొండల వరస పేరు బ్రూక్స్ శ్రేణి. అలాస్కాలో ఆ వరసని దాటే రోడ్డు ఒక్కటే ఉంది. ఆ రోడ్డు మీద జూన్ నెలాఖరులో మా బావతో కలిసి వెళ్ళాను. బావ ఫెయిర్‌బ్యాంక్స్ యూనివర్సిటీలో పర్మాఫ్రాస్ట్ మీద, అంటే ఎండాకాలంలో కూడా లోపల గడ్డకట్టే ఉండే నేల మీద పనిచేస్తాడు. నాకు మ్యాపులంటే ప్రాణం. ఆ ప్రాంతం మ్యాపు ఎప్పుడు తెరిచినా ఒకటే ప్రశ్న నన్ను పట్టుకునేది: మనుషులే లేని చోట ఇన్ని మనుషుల పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అక్కడికి వెళ్ళి, ఆ కొండల్ని కళ్ళారా చూసి, ఏ పేరు ఎవరు పెట్టారో తెలుసుకోవాలని బయల్దేరాను.

మొదటి రోజు: ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి కోల్డ్‌ఫుట్

మామూలు అద్దె కార్ల కంపెనీలు చాలావరకు ఈ రోడ్డు మీదకి బండి ఇవ్వవు. బావ పికప్‌లో రెండు స్టెప్నీలు, అదనపు పెట్రోలు డబ్బా, పది లీటర్ల మంచినీళ్ళు, అక్క కట్టిచ్చిన పులిహోర, కందిపొడి, ఊరగాయ సర్దుకున్నాం. వెనక సీట్లో బావ ఒక లావుపాటి పుస్తకం పడేశాడు. 1967లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ కోసం డొనాల్డ్ ఆర్త్ కూర్చిన అలాస్కా స్థలనామాల నిఘంటువు అది. దారి పొడుగునా మాకు అదే గైడు.

ఊరు దాటకముందే మొదటి పాఠం ఎదురైంది. ఆకాశం తేటగా ఉంటే యూనివర్సిటీ గుట్ట మీద నుంచి దక్షిణాన ఉత్తర అమెరికాలోకెల్లా ఎత్తయిన శిఖరం కనిపిస్తుంది. ఆ పొద్దున కనిపించింది. స్థానికులు తరతరాలుగా దాన్ని డెనాలీ అంటారు. అలాస్కా రాష్ట్రం 1975లోనే ఆ పేరుని ఖాయం చేసుకుంది. వాషింగ్టన్ మాత్రం మెకిన్లీ అనే పేరునే పట్టుకుని ఉండి, 2015లో డెనాలీకి ఒప్పుకుంది, 2025లో మళ్ళీ మెకిన్లీకి మార్చింది. ఫెయిర్‌బ్యాంక్స్‌లో నేను మాట్లాడిన వాళ్ళెవరూ ఆ మార్పుని పట్టించుకోలేదు. "డెనాలీ కనిపిస్తోంది చూడు" అన్నాడు బావ కూడా.

డాల్టన్ హైవే అసలు మొదలయ్యేది ఫెయిర్‌బ్యాంక్స్‌కి ఉత్తరాన, లివెన్‌గుడ్ దగ్గర. అక్కడి నుంచి 414 మైళ్ళు, చాలావరకు కంకర రోడ్డే. 1968లో ప్రుడో బే దగ్గర చమురు పడింది. దాన్ని దక్షిణానికి తెచ్చే 800 మైళ్ళ పైపులైను కోసం 1974లో ఈ రోడ్డుని అయిదు నెలల్లో వేసేశారు. చాలాకాలం దీన్ని 'హాల్ రోడ్' అని మాత్రమే పిలిచేవాళ్ళు. తర్వాత జేమ్స్ డాల్టన్ అనే ఇంజినీరు పేరు పెట్టారు. మామూలు జనాన్ని చివరి దాకా వెళ్ళనిచ్చింది 1994 నుంచే.

ట్రక్కు డ్రైవర్లు ఆ అధికారిక పేర్లతో పని పెట్టుకోరు. బావ బండిలో సీబీ రేడియో ఉంది. 19వ ఛానల్లో వాళ్ళ మాటలు వింటూ వెళ్ళాం. రోలర్ కోస్టర్, బీవర్ స్లైడ్, ఆయిల్ స్పిల్ హిల్, హ్యాపీ మ్యాన్, ఐస్ కట్ అంటూ ప్రతి ఎత్తుకీ పల్లానికీ వాళ్ళ పేరు వాళ్ళకుంది. "బీవర్ స్లైడ్ దిగుతున్నా, లోడ్ ఉంది" అని ఒకాయన చెప్పగానే బావ బండి పక్కకి తీసి ఆపాడు. పైనుంచి దుమ్ము మేఘంలా దిగి, మమ్మల్ని దాటేటప్పుడు ఆ ట్రక్కు చెయ్యి ఊపింది. వాళ్ళు పెట్టిన పేర్లు చాలావరకు ప్రమాదాన్ని గుర్తుపెట్టుకోవడానికి పెట్టినవే. ఏ వాలు ఎక్కడ జారుతుందో, ఎక్కడ గేరు మార్చాలో ఆ పేరే చెబుతుంది.

యూకాన్ నది మీద వంతెన చెక్క పలకలతో, ఏటవాలుగా సాగుతుంది. పక్కనే పైపులైను. దానిలో సగానికి పైగా స్తంభాల మీద నిలబెట్టారు. వేడి చమురు నేలలో పారితే కింద మంచు కరిగి పైపు కుంగిపోతుంది కాబట్టి. ఆర్కిటిక్ వలయం బోర్డు దగ్గర అందరిలాగే ఫోటో దిగాం. ఇంకాస్త ముందు ప్రాస్పెక్ట్ క్రీక్ ఉంది. 1971 జనవరి 23న అక్కడ సున్నాకి దిగువన 62 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అమెరికాలో ఇప్పటివరకు అదే రికార్డు. మేం దాటినప్పుడు మాత్రం చొక్కా చేతులు మడుచుకునేంత ఎండ.

రాత్రికి కోల్డ్‌ఫుట్. 1900 ప్రాంతంలో బంగారం వెతుక్కుంటూ కోయుకుక్ నది వెంట ఇక్కడి దాకా వచ్చిన వాళ్ళు, ముందున్న చలికాలాన్ని తలుచుకుని గుండె చాలక వెనక్కి తిరిగారట. ఇంగ్లీషులో గుండె జారడాన్ని 'కోల్డ్ ఫీట్' అంటారు, ఊరికి ఆ పేరే నిలిచింది. ఇక్కడ పెట్రోలు పోయించుకోవాల్సిందే. తర్వాతి బంకు 240 మైళ్ళ అవతల.

రెండో రోజు: వైజ్‌మన్, సుకాక్‌పాక్

కోల్డ్‌ఫుట్‌కి పదమూడు మైళ్ళ దూరంలో వైజ్‌మన్. కొన్ని దుంగల ఇళ్ళు, వాటి ముందు కూరగాయల మళ్ళు, ఇంటి చూరుకి వేలాడే దుప్పి కొమ్ములు. ఇరవై నాలుగు గంటలూ ఎండ ఉండటంతో క్యాబేజీలు మన దగ్గర గుమ్మడికాయలంత అవుతాయి. ఈ ఊరికి 1929లో బాబ్ మార్షల్ అనే అడవుల శాస్త్రవేత్త వచ్చాడు. అలాస్కా మ్యాపులో కోయుకుక్ నది ఉత్తర పాయ పైభాగం అప్పట్లో ఖాళీగా ఉండేది. ఆ ఖాళీ కోసమే వచ్చానని ఆయనే రాసుకున్నాడు. మరుసటి ఏడు మళ్ళీ వచ్చి ఏడాదికి పైగా ఇక్కడే ఉన్నాడు. ఆయన సంగతి రేపటి ప్రయాణంలో చెబుతాను.

మధ్యాహ్నం సుకాక్‌పాక్ కొండ కిందికి చేరాం. 204వ మైలు దగ్గర రోడ్డు పక్కనే 4,459 అడుగుల పాలరాతి గోడ నిట్టనిలువుగా లేస్తుంది. చుట్టూ ఉన్న నల్లరాతి గుట్టల మధ్య అది ఒక్కటే తెల్లగా, మడతలు పడి ఉంటుంది. ఉత్తరాన ఇన్యూపియాట్, దక్షిణాన అథబాస్కన్ ప్రజల నేలలకి ఈ కొండే పాత సరిహద్దు. ఆ సరిహద్దుకి గీతా లేదు, రాయీ పాతలేదు. ఎంత దూరం నుంచైనా ఆనవాలు పట్టగలిగే కొండ ఉండగా ఇంకేం కావాలి?

కొండ ఎదురుగా కూర్చుని పులిహోర తింటూ నిఘంటువులో బ్రూక్స్ పేజీ తీశాం. తలకి దోమతెర టోపీ పెట్టుకుని అన్నం తినడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ముద్ద నోట్లో పెట్టేలోపు పది దోమలు.

ఆల్ఫ్రెడ్ హల్స్ బ్రూక్స్ 1871లో పుట్టిన భూగర్భ శాస్త్రవేత్త. 1903 నుంచి 1924లో చనిపోయేదాకా అలాస్కా సర్వే పనులన్నిటికీ పెద్ద. అలాస్కా భూగోళాన్ని మొదటిసారి ఒక లెక్కలో పెట్టి చూపినవాడు. ఈ కొండలు దక్షిణాన ఉన్న రాకీ పర్వతాల కొనసాగింపు అని చాలామంది అనుకుంటున్న రోజుల్లో, వీటికంటూ విడిగా ఒక పేరు కావాల్సి వచ్చింది. ఆయన పోయిన మరుసటి ఏడు, 1925లో, మొత్తం శ్రేణికి బ్రూక్స్ పేరు పెట్టారు. నా వరకు ఆ పేరుకి అభ్యంతరం లేదు. ఆ నేల కోసం జీవితం ఇచ్చిన మనిషి.

కానీ శ్రేణి లోపలి కొండల గుంపుల పేర్లు చదువుతుంటే మనసుకి పట్టలేదు. మేం కూర్చున్న చోటికి పడమట ఉన్నవి ఎండికాట్ పర్వతాలు. 1885లో లెఫ్టినెంట్ హెన్రీ అలెన్ అనే సైనికాధికారి అలాస్కా నదుల వెంట అసాధారణమైన యాత్ర చేసి కోయుకుక్ దాకా వచ్చాడు. అప్పటి అమెరికా యుద్ధ శాఖ మంత్రి విలియం ఎండికాట్ పేరు పెట్టాడు. మంత్రిగారికి ఈ కొండలతో ఏ సంబంధమూ లేదు. పడమటి చివర బెయిర్డ్, డీలాంగ్, ష్వాట్కా కొండలు. ఒకరు స్మిత్‌సోనియన్ సంస్థ కార్యదర్శి, ఒకరు ఆర్కిటిక్ మంచులో ఓడ నలిగి మునిగిపోయాక ప్రాణాలు పోగొట్టుకున్న నావికుడు, ఇంకొకరు సైనిక యాత్రికుడు. తూర్పున ఫిలిప్ స్మిత్ పర్వతాలు, బ్రూక్స్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న శాస్త్రవేత్త పేరు మీద.

ఇది మనకి కొత్త కాదు. హిమాలయాల్లో 15వ నెంబరు శిఖరాన్ని కొలిచి లెక్క తేల్చేనాటికి జార్జ్ ఎవరెస్ట్ రిటైరై ఇంగ్లండు వెళ్ళిపోయి ఉన్నాడు. ఆయన వద్దన్నా 1865లో ఆయన పేరే ఖాయం చేశారు. ఆయన కుర్రతనంలో, 1819 ప్రాంతంలో, మన కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తూ జ్వరంతో చావు దాకా వెళ్ళాడు. అక్కడ ఆయన పేరుతో ఏ కొండా లేదు. అక్కడి గుట్టలకి గిరిజనులు పెట్టుకున్న పేర్లు అప్పటికే ఉన్నాయి మరి. బ్రూక్స్ శ్రేణిలోనూ ఉన్నాయి. రాసుకునేవాళ్ళు అడగలేదు, అంతే తేడా.

మూడో రోజు: గాల్లో అనక్టువుక్ కనుమకి

ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన రోజు ఇది. కోల్డ్‌ఫుట్ నుంచి చిన్న విమానంలో వాయవ్య దిశగా బయల్దేరాం. రోడ్డుకి పడమట కొద్ది దూరంలోనే గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ నేషనల్ పార్కు మొదలవుతుంది. 1980లో ఏర్పడింది, సుమారు 34,000 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి జిల్లాలు రెండు మూడు కలిపితే అంత. అందులో రోడ్డు లేదు, బాట లేదు, బోర్డు లేదు.

కోయుకుక్ ఉత్తర పాయ మీదకి రాగానే పైలట్ రెక్క వంచి చూపించాడు. నదికి ఒక పక్క ఫ్రిజిడ్ క్రాగ్స్, మరో పక్క బోరియల్ శిఖరం. రెండూ ద్వారబంధాల్లా నిలబడి మధ్యలోంచి నదిని వదులుతున్నాయి. ఆ జంటకి 'ఆర్కిటిక్ ద్వారాలు' అని పేరు పెట్టింది మార్షలే. తర్వాత పార్కు మొత్తానికి అదే పేరయింది. అక్కడ ఆయన మంత్రుల పేర్లు వెతుక్కోలేదు. తనతో నడిచిన వేటగాడు ఎర్నీ జాన్సన్ పేరు ఒక వాగుకి, ఒక కనుమకి పెట్టాడు. ఎవరి కాళ్ళు అక్కడ నిజంగా తిరిగాయో వాళ్ళ పేరు. నాకు ఆ పద్ధతి న్యాయంగా అనిపించింది.

ఇంకొంచెం పైన డూనెరక్ కనిపించింది. నల్లటి కత్తి అంచులాంటి శిఖరం. దీనికి మార్షల్ ఇన్యూపియాట్ల మాటనే తీసుకున్నాడు. ఆత్మ, భూతం అనే అర్థంలో వాళ్ళు వాడే మాట. దీని ఎత్తు పదివేల అడుగులు దాటుతుందని ఆయన లెక్క. నిజానికి 7,457 అడుగులే. 1938లో, 1939లో దాన్ని ఎక్కాలని వచ్చి ఎక్కలేకపోయాడు. 1939 నవంబరులో ముప్ఫై ఎనిమిదేళ్ళకే చనిపోయాడు. విమానం కిటికీలోంచి ఆ రాతి గోడల్ని చూస్తుంటే, అంతెత్తు అని ఆయన ఎందుకు నమ్మాడో అర్థమైంది. లోయ అడుగు అంత కిందికి ఉంటుంది, చెట్టు అంటూ లేకపోవడంతో కొలతకి కంటికి ఆధారం దొరకదు.

అనక్టువుక్ పాస్ ఊళ్ళో నాలుగు వందల చిల్లర జనం. నునామియుట్ అనే, సముద్రపు ఒడ్డున కాక లోతట్టు కొండల్లో బతికే ఇన్యూపియాట్లు. కరిబూల వెంట, అంటే మంచు ప్రాంతపు దుప్పుల వెంట తిరిగే జీవితం వదిలి 1950 అటూఇటూగా ఇక్కడ స్థిరపడ్డారు. ఊరు సరిగ్గా నీళ్ళు విడిపోయే గట్టు మీద ఉంది. ఇటు పడ్డ చినుకు జాన్ నదిలో దక్షిణానికి దిగి, కోయుకుక్, యూకాన్ల మీదుగా బేరింగ్ సముద్రం చేరుతుంది. అటు పడ్డది అనక్టువుక్ నదిలో ఉత్తరానికి పోయి ఆర్కిటిక్ సముద్రంలో కలుస్తుంది. కరిబూ మందలు రాకపోకలకి వాడే దారి కూడా ఇదే. అందుకే ఆ పేరు: కరిబూ పెంటికలు పడి ఉండే చోటు. ఆకలేసిన వేటగాడికి ఇంతకన్నా అక్కరకొచ్చే పేరు ఎవరు పెట్టగలరు?

ఊళ్ళోని మ్యూజియానికి సైమన్ పనియాక్ పేరు పెట్టారు. నునామియుట్ పెద్ద, ఇక్కడి పక్షుల గురించి, జంతువుల గురించి శాస్త్రవేత్తలకి చెప్పి రాయించిన మనిషి. గోడ మీద ఊరివాళ్ళ పేర్లతో ఉన్న మ్యాపు ముందు చాలాసేపు నిలబడ్డాను. ప్రతి వాగుకీ, మలుపుకీ, గుట్టకీ పేరుంది. మ్యూజియంలో పనిచేసే పెద్దావిడ ఒక కరిబూ తోలు ముఖాన్ని చేతికిచ్చింది. ఈ ఊరి ప్రత్యేకమైన పనితనం అది. చెక్కతో చెక్కిన ముఖం అచ్చు మీద తడి తోలుని బిగించి ఆరబెడతారు. తేలికగా, అప్పడంలా గట్టిగా ఉంది. కనుబొమలకి బొచ్చు అతికించి, ముఖం చుట్టూ పార్కా కోటు టోపీ అంచులాగా తోడేలు బొచ్చు కుట్టారు. కళ్ళ పక్కన ముడతలు కూడా పడ్డాయి. "ఎవరి ముఖం ఇది?" అని అడిగితే, "ఎండలో మంచు మీద నడిచే ఎవరిదైనా" అంది.

ఊరికి పాత పేరు తిరిగి తెచ్చుకోవడం జరిగే పనే. ఉత్తర తీరంలో బారో అనే ఊరు 2016లో ఓటింగు పెట్టుకుని ఉట్కియాగ్విక్ అయింది. కొండలకి ఓట్లు లేవు కాబట్టి వాటి పాత పేర్లు మ్యాపులోకి రావడం ఆలస్యమవుతోంది. ఆ గోడ మీద ఉన్న పేర్లన్నీ రేపు పిల్లలు ఫోన్లో చూసే మ్యాపులోకి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నాలుగో రోజు: అటిగన్ కనుమ

పొద్దున్నే కోల్డ్‌ఫుట్ నుంచి ఉత్తరానికి. 219వ మైలు దగ్గర బావ బండి ఆపి కొండ వాలు చూపించాడు. గడ్డకట్టిన మట్టి, రాళ్ళు, విరిగిన చెట్లు కలిసి నాలుకలాగా కొండ మీద నుంచి జారి వస్తున్నాయి. కదలిక కంటికి తెలియదు, కానీ చెట్లు తలోవైపుకి ఒరిగిపోయి ఉన్నాయి. రోడ్డు మీదకి వచ్చేస్తుందనే టెన్షన్‌తో 2018లో రోడ్డునే పక్కకి జరిపారు. శాస్త్రవేత్తలు దీన్ని ఎఫ్‌డీఎల్-ఏ (ఫ్రోజెన్ డెబ్రీ లోబ్, అంటే గడ్డకట్టిన శిథిలాల నాలుక) అంటారు. ఈ శ్రేణిలో ఇంకా కదులుతున్న వాటికి పేరు బదులు అక్షరాలే దక్కాయి.

235వ మైలు దాటాక చెట్లు ఆగిపోతాయి. రోడ్డు పక్కన చిట్టచివరి స్ప్రూస్ చెట్టుకి ఒకప్పుడు 'నరకొద్దు' అని బోర్డు ఉండేది. ఎవరో దాని మొదలు చుట్టూ గాటు పెట్టి చంపేశారు. ఆ చలిలో అన్నేళ్ళు నిలబడిన చెట్టుని అలా చేయడానికి చేతులెలా వచ్చాయో.

ఆ పైన అటిగన్ కనుమ, 4,739 అడుగులు. అలాస్కాలో ఏడాదంతా తెరిచి ఉంచే రోడ్డు కనుమల్లో ఇదే ఎత్తయినది. జూన్ చివర కూడా వాలుల మీద మంచు చారలు. తెల్లటి డాల్ గొర్రెలు ఆ చారల మధ్య కదిలితే గానీ కనిపించవు. అవతలి వాలు దిగగానే గాలి మారింది, వాసన మారింది. దక్షిణాన అడవి, ఉత్తరాన గడ్డి, నాచు, మరుగుజ్జు విల్లో పొదలు. కొండలు ఇంత కచ్చితంగా రెండు లోకాల్ని విడదీయడం నేనెక్కడా చూడలేదు.

గాల్‌బ్రెయిత్ సరస్సు దగ్గర టెంటు వేశాం. దీనికి ఆ చుట్టుపక్కల విమానంతో సహా గల్లంతయిన పైలట్ పేరు పెట్టారు. నది మడుగుల్లో శీతాకాలం గడ్డకట్టిన మందపాటి మంచు పలకలు ఇంకా నీలంగా మిగిలి ఉన్నాయి. ఇక్కడి కొండల్లో సున్నపురాయి పొరలు స్పష్టంగా కనిపిస్తాయి. బావ రాలిన రాళ్ళలోంచి ఒకటి తీసి తడి చేసి చూపించాడు. నీళ్ళు పడగానే బూడిద రంగు రాయి మీద బొత్తాల్లాంటి గుండ్రటి ముద్రలు తేలాయి. క్రైనాయిడ్లు అనే సముద్ర జీవుల కాడల ముక్కలవి. 30 కోట్ల ఏళ్ళకి పైబడిన సముద్రపు అడుగు ఇప్పుడు కొండ. చూసి ఎక్కడిది అక్కడే పెట్టేశాం.

సూర్యుడు అస్తమించని ఆ రాత్రి పన్నెండింటికి నిఘంటువు మళ్ళీ తెరిచాం. ఇక్కడికి తూర్పున, రోడ్డు లేని చోట ఈ శ్రేణిలోని పెద్ద శిఖరాలున్నాయి. వాటిలో చాంబర్లిన్, మైకెల్సన్ పేర్లు పెట్టింది ఎర్నెస్ట్ లెఫింగ్‌వెల్. 1906 నుంచి 1914 మధ్య ఏళ్ళ తరబడి ఒడ్డున గుడిసెలో ఉండి, దాదాపు సొంత ఖర్చుతో ఈ తీరాన్ని మ్యాపు చేసినవాడు. తనకి చికాగో యూనివర్సిటీలో చదువు చెప్పిన వాళ్ళని ఇలా తలుచుకున్నాడు. కాంతి వేగం కొలిచిన, 1907లో నోబెల్ కూడా అందుకున్న మైకెల్సనే ఈ మైకెల్సన్. గురువుకి ఒక కొండ ఇవ్వడం మంత్రికి ఇవ్వడంలాంటిది కాదు.

చాంబర్లిన్ చాలాకాలం అన్నిటికన్నా ఎత్తయినదిగా చలామణీ అయింది. 2014లో విమానం నుంచి కచ్చితంగా కొలిస్తే ఇస్టో అనే శిఖరం సుమారు 8,975 అడుగులతో మొదటి స్థానంలో నిలిచింది. చాంబర్లిన్ మూడోది అయింది. ఇంత పెద్ద శ్రేణికి ఏది పెద్ద కొండో తేలడానికి ఈ శతాబ్దం దాకా పట్టింది.

అయిదో రోజు: సముద్రం వైపు

టూలిక్ పరిశోధన కేంద్రం దాటాక కొండలు వెనకబడి, నేల పూర్తిగా చదునైపోయింది. సగవానిర్క్‌టోక్ నది పక్కనే వస్తుంది. ట్రక్కుల వాళ్ళకి 'సాగ్'. ఒకచోట కస్తూరి ఎడ్లు, పొడుగాటి జూలు నేలకి ఆనుతూ, దోమల్ని పట్టించుకోకుండా మేస్తున్నాయి.

రోడ్డు చివరనున్న డెడ్‌హార్స్ అంటే చమురు పనివాళ్ళ షెడ్లు, యంత్రాలు. అక్కడ చూడాల్సింది నేల. టండ్రా మీద, అంటే చెట్లు మొలవని ఈ చలి మైదానం మీద, పగుళ్ళతో ఏర్పడిన బహుభుజులు, ఒక్కొక్కటి ఇంటి స్థలమంత. చలికి నేల పగిలి, ఆ పగుల్లో నీళ్ళు దిగి గడ్డకట్టి, ఏటేటా ఆ మంచు మేకు లావవుతుంది. ఇలా జరుగుతుందని కనిపెట్టి వివరించింది కూడా లెఫింగ్‌వెల్లే. బావ ఉద్యోగానికి ఆయనే ఆద్యుడు. కొండలకి గురువుల పేర్లు పెట్టిన మనిషి గురించి బావ చెబుతుంటే, ఆ గొంతులోనూ శిష్యుడి మర్యాదే వినిపించింది.

భద్రతా తనిఖీ అయ్యాక షటిల్ బస్సులో సముద్రం దాకా తీసుకెళ్ళారు. ఈ ప్రుడో బేకి ఆ పేరు పెట్టింది 1826లో జాన్ ఫ్రాంక్లిన్ అనే బ్రిటిష్ నావికుడు. మెకెంజీ నది నుంచి పడవల్లో తీరం వెంట పడమరకి వచ్చాడు. దూరాన తెల్లటి కొండలు కనబడితే రష్యా ప్రముఖుడు రుమ్యాంత్సెవ్ పేరుతో రొమాన్జోఫ్ పర్వతాలన్నాడు. ఆ రష్యన్ పెద్దమనిషి అదే ఏడు జనవరిలో చనిపోయిన వార్త ఆయనకి తెలిసే వీల్లేదు. ఆ కొండల మీద ఫ్రాంక్లిన్ అడుగు పడలేదు. ఇక్కడికి కొద్ది దూరంలోనే, ఆగస్టులో, ముందుకి పోలేక వెనుదిరిగాడు. ఆ చోటుకి రిటర్న్ రీఫ్ అని పేరు పెట్టాడు. ఆయన పెట్టిన పేర్లలో నాకు నచ్చింది అదే. అక్కడ ఆయన నిజంగా చేసిన పని అది.

తిరుగు ప్రయాణం

వచ్చిన దారే. అటిగన్ దగ్గర పొగమంచు, యూకాన్ దగ్గర వాన, మధ్యలో ఒక టైరు పంచరు.

వెళ్ళాలనుకునే వాళ్ళకి: జూన్ మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా అనుకూలం. ఆగస్టులో దోమలు తగ్గుతాయి, టండ్రా ఎర్రబడటం మొదలవుతుంది. ట్రక్కులకి ఎప్పుడూ దారి ఇవ్వండి, ఎదురు వస్తుంటే వేగం తగ్గించండి, లేకపోతే కంకర ఎగిరి ముందు అద్దం పగులుతుంది. సముద్రం షటిల్‌కి కనీసం ఒక రోజు ముందే బుక్ చేసుకోవాలి, గుర్తింపు కార్డు ఉండాలి. డబ్బునీ సమయాన్నీ బట్టి రెండు చోట్లలో ఒకదానికే అవకాశం ఉంటే డెడ్‌హార్స్ మానేసి అనక్టువుక్ వెళ్ళండి. అక్కడి మ్యూజియంలో గోడ మ్యాపు ముందు నిలబడి, ఎవరైనా పెద్దవాళ్ళని ఆ పేర్లు పైకి చదివి వినిపించమని అడగండి. సంతోషంగా చదువుతారు.